పేరు రాయని బంతి

ఉదయం ఆరూ పదికి పంపులో నీళ్ళు వచ్చాయి. మధురానగర్‌లో ఆ వీధికి నీళ్ళు వదిలే వేళ ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మారిందో తెలియదు కానీ, ఆ చప్పుడు మారలేదు. ముందు గొట్టంలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు గాలి, తర్వాత తుప్పు రంగులో రెండు చెంబుల నీళ్ళు, ఆ తర్వాత తేట ధార. ఆ మొదటి రెండు చెంబులూ పిన్ని మెట్లు కడగడానికి పక్కన పెట్టించేది. ఆమె పోయిన పన్నెండో రోజు అది. ఇంట్లో ఉన్నది బాబాయి, నేను, పై అంతస్తులో ఇంకా ఖాళీ చెయ్యని నలుగురు ఆడపిల్లలు. అన్ని నీళ్ళు ఎవరికీ అక్కర్లేదు. అయినా నేను లేచి బిందెలన్నీ నింపి మూతలు పెట్టాను. ఎందుకు నింపానో ఆ తర్వాత గాని ఆలోచించలేదు.

నెలాఖరుకి ఇల్లు అప్పగించాలి. బాబాయి తెనాలిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతానన్నారు. బీరువాలు సర్దే పని నేను తీసుకున్నాను. చీరల కింద, అడుగు అరలో, రుమాలులో చుట్టిన కుంకుమ భరిణె దొరికింది. చిన్న వెండి భరిణె. మూత ఒక పక్క నొక్కుకుపోయి సరిగ్గా కూర్చోదు. ఆ నొక్కు ఎలా పడిందో ఇంట్లో వాళ్ళలో ఇప్పుడు నాకు ఒక్కడికే తెలుసనుకున్నాను. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు మంచం అంచున కూర్చున్నాను.

మా పిన్ని సుభద్ర ఆ ఇంట్లో ఆడపిల్లల హాస్టల్ నడిపేది. అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండే రోజులు. కోస్తా జిల్లాల నుంచి, తెలంగాణ ఊళ్ళ నుంచి డిగ్రీలు పూర్తి చేసిన పిల్లలు సూట్‌కేసుతో దిగేవాళ్ళు. బాబాయి ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు. ఆయన తొమ్మిదికి క్యారియర్ పట్టుకుని వెళ్ళాక ఇల్లు పూర్తిగా పిన్నిది. మూడు అంతస్తుల్లో ముప్ఫైమంది. పొద్దున్నే ఇడ్లీ ఆవిరి, తడి జడల కొబ్బరినూనె, జిరాక్సు కాగితాల వాసన కలిసి మెట్ల మీదికి వచ్చేవి. డాబా మీద ఆరేసిన చున్నీల మధ్య నడుస్తూ ఎవరో ఒకరు ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేస్తూ ఉండేవారు. నేను కింది అంతస్తులో వంటింటి పక్క గదిలో ఉండేవాణ్ణి. నాకూ ఒక కోర్సు ఉండేది, దాంతోపాటు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసు. పిన్నికి పిల్లలు లేరు. నా ఫీజు ఆమే కట్టింది. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఉద్యోగం వచ్చో, పెళ్ళి కుదిరో, కోర్సు మధ్యలో ఆపేసో, ఏ కారణం చేత వెళ్ళిపోయే పిల్లకైనా పిన్ని గడపలో నిలబెట్టి బొట్టు పెట్టి, రవికల గుడ్డ, రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి పంపేది. కుంకుమ బల్కంపేట ఎల్లమ్మ గుడి నుంచి తెచ్చేది. బాకీ పెట్టి పోయిన వాళ్ళకీ, ఆమెతో గొడవ పడి పోయిన వాళ్ళకీ కూడా అంతే. "ఆడపిల్ల మన ఊరొచ్చి నాలుగు రోజులుంది. ఉత్త నుదుటితో ఎలా పంపుతాం?" అనేది. ఉంగరం వేలితో కుంకుమ తీసి, ఎడమచేత్తో ఆ పిల్ల తల వెనక పట్టుకుని పెట్టేది. అప్పటిదాకా బస్సు టైము గురించి కంగారు పడుతున్న పిల్ల ఆ ఒక్క నిమిషం కదలకుండా నిలబడేది.

ఆమెకు టెన్నిస్ పిచ్చి అని చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కారు. కాలేజీ రోజుల్లో పిన్ని గుంటూరులో బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. పసుపురంగు ఊలు బంతితో ఆడే ఆట. యూనివర్సిటీ జట్టులో కూడా ఆడిందట. పెళ్ళితో ఆగిపోయింది. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక కేబుల్ టీవీ ముందు గోరుచిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చునేది. చుట్టూ చేరిన పిల్లలతో "చేతులు కాదే, కాళ్ళు చూడండి" అనేది. పేరున్న వాళ్ళ మీద ఆమెకు ఆసక్తి లేదు. జంటల ఆటలో ఎప్పుడో తప్ప తెర మీద కనిపించని ఒక పొడుగాటి అమ్మాయి అంటే ఇష్టం. యూరప్‌లో ఏదో చిన్న దేశం పిల్ల. నడుము దాకా ఒకే జడ. పిన్ని ఆమెను పొడుగుజడ పిల్ల అనేది. "చూశావా, తోటిది బంతి నెట్‌కి కొట్టినా మొహం తిప్పుకోదు. ముందు దాని దగ్గరికే వెళ్తుంది. ఐదుగురం ఆడేటప్పుడు మాకు మాస్టారు మొదట నేర్పింది అదే" అని ఒకసారి నాతో అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊఁ కొట్టాను.

ఊళ్ళో అంతర్జాతీయ మహిళల టెన్నిస్ పోటీ పెడుతున్నారని చెప్పింది యూసుఫ్ భాయ్. ఆయనకు పంజాగుట్టలో చిన్న ఆటసామాన్ల దుకాణం ఉండేది. రాకెట్లకు తీగ అల్లడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. పిల్లలు డాబా మీద ఆడుకునే రాకెట్లు బాగుచేయించడానికి పిన్ని అక్కడికే పంపేది. ఆమె ఆయన్ని "యూసుఫ్ భాయ్ గారూ" అనేది. భాయ్ అన్నాక గారు ఎందుకమ్మా అని ఆయన నవ్వేవాడు. ఆ పోటీకి తీగలల్లే పని ఆయనకు వచ్చింది.

"ఏం తమ్మీ, అక్కడ వలంటీర్లు కావాలంట. వస్తవా? పైసలియ్యరు. టీషర్టు ఇస్తరు, బిర్యానీ పెడ్తరు. ఇంగ్లీషు వస్తది గద?"

"నేర్చుకుంటున్నాను భాయ్."

"మంచిదే. వచ్చేటోళ్ళల్ల సగం మందికి సుత అంతంతే వస్తది. ఫికర్ చెయ్యకు."

పంజాగుట్టలో ఒక హోటల్ హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి రెండు గంటలు నియమాలు చెప్పారు. చేతిలో వాకీటాకీ ఉన్న పర్యవేక్షకుడు చెప్పాడు. క్రీడాకారిణులను మీ అంతట మీరు పలకరించకూడదు. ఫొటో అడగకూడదు. తినేవి, తాగేవి, పొడులు, పూలు ఏవీ వాళ్ళ దాకా పోనివ్వకూడదు. ఆట అయ్యాక సంతకాల కోసం వచ్చేవాళ్ళను తాడుకి అవతలే ఉంచాలి. పదిమందిని లెక్కపెట్టి పదకొండో మనిషి ముందు చెయ్యి అడ్డం పెట్టాలి. అవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మెడలో వేసుకునే కార్డు మీద నా పేరు ఇంగ్లీషులో అచ్చు వేసి ఇచ్చారు. ఆ వారం రోజులూ నేను దాన్ని బస్సులో కూడా తియ్యలేదు.

అభిమానులతో ఆటగాళ్ళు ఎలా ఉంటారని అప్పట్లో నన్ను చాలామంది అడిగారు. నేను చూసింది ఇంతే. ఒకామె చెవుల్లో పాటల తీగలు పెట్టుకుని, ఎవరూ లేని దారిలో నడుస్తున్నట్టు వెళ్ళిపోయేది. ఒకామె నడక ఆపకుండా సంతకాలు చేసేది. కళ్ళు కాగితం మీద కూడా ఉండేవి కావు, సగం పేరు ఒకరి పుస్తకంలో, మిగతా సగం గాల్లో. ఒకామె గెలిచిన రోజు నవ్వుతూ ఆగి, ఓడిన రోజు వెనక గేటు అడిగేది. ఇంకొకామె ఒక పాప టోపీ మీద సంతకం చేసి, ఏదో ఆలోచనలో టోపీ పెట్టుకునే వెళ్ళిపోయి, రెండు కోర్టులు దాటాక గుర్తొచ్చి పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చింది. వాళ్ళను నేను తప్పు పట్టలేను. తాడు పట్టుకుని నిలబడితే తెలుస్తుంది, అవతలి నుంచి ఎన్ని చేతులు ఒకేసారి మొహం మీదికి వస్తాయో. పిన్ని మెచ్చుకునే పొడుగుజడ పిల్ల కూడా ఆ పోటీకి వచ్చింది. ఆమె మాత్రం నిలబడిపోయేది. ప్రతి ఒక్కరినీ పేరు అడిగేది, అక్షరాలు చెప్పించుకుని ముందు వాళ్ళ పేరు రాసి, కింద తనది రాసేది. ఆమె దగ్గర నా పదిమంది లెక్క ఎప్పుడూ కుదిరేది కాదు. ఇది పిన్నికి చెప్పాను. నేను చెప్పకపోతే ఆమె అక్కడికి వచ్చేది కాదేమో.

మూడో రోజు పొద్దున పిన్ని ఇస్త్రీ చేసిన గంజి చీర కట్టుకుని వచ్చింది.

"ఒరేయ్ రఘూ, ఇవాళ నేనూ వస్తున్నాను. యూసుఫ్ భాయ్ గారు టికెట్ పంపారు. ఆట అయ్యాక ఆ పిల్లకి బొట్టు పెట్టి వస్తాను."

"అక్కడ అలాంటివి కుదరవు పిన్నీ. వాళ్ళని ముట్టుకోకూడదు."

"ముట్టుకోవడమేంటిరా? బొట్టు పెడతానంటున్నాను. పరాయి ఊళ్ళు పట్టుకుని తిరిగే పిల్ల. ఎవరు పెడతారు దానికి?"

"వాళ్ళకి ఇదంతా తెలీదు."

"అందుకేగా నువ్వున్నావు. ఇంగ్లీషులో చెప్పు, ఏంటో, ఎందుకో. మరి క్లాసులో చేరిందెందుకు?" అని నవ్వింది.

చూద్దాంలే అన్నాను. వద్దని గట్టిగా చెప్పలేదు, సరే అని కూడా అనలేదు.

ఆ రోజు పొడుగుజడ పిల్ల జంట గెలిచింది. తాడు దగ్గర నలభైమంది దాకా చేరారు. పిన్ని తన వంతు వచ్చేదాకా ఎవరినీ తోసుకోకుండా నిలబడింది. చేతిసంచిలో రవికల గుడ్డ, అరటిపళ్ళు ఉన్నాయని నాకు తెలుసు. ఆ అమ్మాయి ఎదురుగా వచ్చి నవ్వి, కలం పట్టుకుని, పేరు అడిగింది. ఆ యాసలో పిన్నికి అది అర్థం కాలేదు. భరిణె తీసి, వేలితో కుంకుమ అద్దుకుని, అలవాటుగా ఎడమచెయ్యి ఆ పిల్ల తల వెనక్కి చాపి, కుడిచెయ్యి నుదుటి వైపు తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి ఒక్కసారి కేక పెట్టి వెనక్కి గెంతింది. మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాపలా మనిషి పిన్ని మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. భరిణె సిమెంటు మీద పడి దొర్లింది. ఆ పిల్ల తెల్లచొక్కా చేతి మీద ఎర్రటి మరక. వెనక ఎవరో నవ్వారు. "పొడి, పొడి" అని ఎవరో అరిచారు.

నేను అక్కడికి ఐదడుగుల దూరంలో తాడు పట్టుకుని ఉన్నాను. పిన్ని నా వైపు చూసింది. భయం లేదు ఆమె మొహంలో. "ఒరేయ్, నువ్వు చెప్పరా ఆ పిల్లకి" అంది. పర్యవేక్షకుడు నా దగ్గరికి వచ్చి, "ఈమె నీకు తెలుసా?" అని అడిగాడు. ఇంగ్లీషులో అడిగాడు. ఇంగ్లీషులోనే తెలియదని చెప్పాను. అంత చిన్న మాట పిన్నికి అర్థం కాకుండా ఉండదు. ఆమె నన్ను ఇంకోసారి చూడలేదు. కాపలా మనిషితో, "తప్పయిపోయింది బాబూ, చెయ్యి వదులు" అంది. వంగి భరిణె, మూత ఏరుకుని, కొంగుతో తుడిచి, గేటు వైపు వెళ్ళిపోయింది. పదకొండో మనిషి ముందు చెయ్యి అడ్డం పెట్టాను.

ఒక గంట తర్వాత తువాళ్ళ బుట్ట మోసుకుని లోపలి వరండాలోంచి వెళ్తుంటే ఆ అమ్మాయి ఆపింది. తీగలు అల్లే బల్ల అక్కడే ఉంది, యూసుఫ్ భాయ్ పనిలో ఉన్నాడు. ఆమె తన చొక్కా మీది మరక చూపించి, ఇదేమిటి, ఆమెకు నా మీద కోపమా అని అడిగింది. ఒక ఊళ్ళో ఎవడో జడ పట్టుకుని లాగాడట, అప్పటి నుంచి తల వెనక్కి చెయ్యి వస్తే ఒళ్ళు తనంతట అదే వెనక్కి పోతుందని చెప్పింది. నేను వివరించాను. మా వైపు ఇంటి నుంచి వెళ్ళే ఆడపిల్లకు పెద్దవాళ్ళు ఇలా చేసి పంపుతారని, అది దీవెన అని, చాలా చక్కగా, తడబడకుండా చెప్పాను. అంత మంచి ఇంగ్లీషు అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. "రేపు ఎనిమిదిన్నరకు వెనక కోర్టులో సాధన ఉంటుంది. ఆమెను వెతికి తీసుకురాగలవా? నేను కదలకుండా నిలబడతాను" అంది. ప్రయత్నిస్తానన్నాను. ఆమె వెళ్ళాక యూసుఫ్ భాయ్ తీగ లాగుతూ, తల ఎత్తకుండా, "విన్న తమ్మీ. పొయ్యి మీ పిన్నికి చెప్పు. ఖుష్ అయితది" అన్నాడు.

పంజాగుట్ట చౌరస్తాలో బస్సు దిగి ఇంటిదాకా నడిచాను. ఎలా చెప్పాలో వాక్యాలు కట్టుకుంటూ నడిచాను. ఆ పిల్ల నిన్ను రమ్మంది అని మొదలుపెట్టాలి. కానీ దాని వెనకే ఇంకో మాట చెప్పాలి, నువ్వు ఎవరో తెలియదన్నాను అని. పిన్ని పిల్లలకు చారు వడ్డిస్తోంది. కుడి మణికట్టు దగ్గర కమిలి ఉంది. "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. అబద్ధమని తెలిసి కంచం పెట్టింది. పొద్దున చెబుదామనుకున్నాను. పొద్దున ఆమె పంపు దగ్గర ఉంది, బిందె నిండుతోంది. నా సీసా కూడా నింపి ఇచ్చింది. నేను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను.

వెనక కోర్టులో ఆ అమ్మాయి ముందే వచ్చి ఉంది. ఎండ టోపీ తీసేసి, నుదురు తడిగుడ్డతో తుడుచుకుని, గేటు వైపు చూస్తోంది. దొరకలేదని చెప్పాను. తొమ్మిదింటి దాకా ఆగింది. తర్వాత సంచిలోంచి ఒక బంతి తీసి, ఆమె పేరేమిటి అని అడిగింది. తెలియదన్నాను. పైన కొంచెం చోటు వదిలి, కింద సంతకం చేసి, "పేరు కనుక్కుని నువ్వే రాసి ఇవ్వు" అంది. ఆ మధ్యాహ్నం ఓడిపోయి, మరునాడు వెళ్ళిపోయింది.

బంతి ఇవ్వలేదు. ఇస్తే అంతా చెప్పాలి. వారం తర్వాత చెబుదామనుకున్నాను, ఉద్యోగం వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాక గచ్చిబౌలి వైపు ఇల్లు తీసుకుని మారిపోయాను. పిన్ని నాతో ముందులాగే ఉండేది. ఆదివారం వెళ్తే కందిపచ్చడి చేసేది. ఒక్క మార్పు వచ్చింది, హాస్టల్ వదిలి వెళ్ళే పిల్లలకు ఆమె తన చేత్తో బొట్టు పెట్టడం మానేసింది. రవికల గుడ్డ, పళ్ళు ఇచ్చి, మూత సొట్టపోయిన భరిణె ముందుకు జరిపి, "పెట్టుకో అమ్మా" అనేది. కడప నుంచి వచ్చిన ఒక పిల్ల, "మీరే పెట్టండి ఆంటీ" అని తల వంచింది. "వద్దమ్మా. పక్కన నీవాళ్ళున్నారు. నలుగురిలో నీకు నామోషీగా ఉంటుందేమో" అంది పిన్ని. నేను అక్కడే ఉన్నాను. ఆ పొడుగుజడ పిల్ల గెంతిన గెంతు పిన్ని మనసులో ఉండిపోయిందని అనుకున్నాను. ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను. ఆటగాళ్ళు అభిమానులను ఎలా గాయపరుస్తారో అని ఎక్కడైనా మాట వస్తే ఈ సంగతి చెప్పేవాణ్ణి కూడా, నా భాగం వదిలేసి.

పన్నెండో రోజు మధ్యాహ్నం యూసుఫ్ భాయ్ వచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. దుకాణం కొడుకు చూసుకుంటున్నాడట. బాబాయిని పలకరించి, నా పక్కన కూర్చున్నాడు. బీరువా ముందు భరిణె చూసి గుర్తుపట్టాడు.

"ఆ పిల్ల పోయేటప్పుడు నాతోని అన్నది, నీకు బంతి ఇచ్చిన అని. ఇచ్చినవా తమ్మీ మీ పిన్నికి?"

"లేదు భాయ్."

"చెప్పనన్నా చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను.

"నేను చెప్పిన," అన్నాడు. "ఆ వారంలనే. రాకెట్ తీస్కపోనీకి దుకాణానికొచ్చింది. నువ్వు చెప్పినవనుకుని ఆ పిల్ల ముచ్చట తీసిన. అమ్మకు తెల్వదు. మస్తు ఖుష్ అయింది. రెండుసార్లు చెప్పించుకుంది, కదలకుండ నిలబడత అన్నదా అని. ఆ చొక్కా ఉతికితే మరక పోయిందో లేదో అని సుత అడిగింది. మరి ఎందుకు పోలేదమ్మా అంటే, నాకు ఎవరూ చెప్పలేదు భాయ్ గారూ అన్నది. నేను పోయి వాన్ని అడుగుత అన్న. వద్దన్నది. వాడే చెప్తాడులెండి, చిన్నవాడు కదా, కొంచెం టైము పడుతుంది అన్నది. నువ్వు చెప్తవని నేను ఊకున్న."

ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. ఆమె ఎదురుచూసిన ఆదివారాలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. ప్రతి ఆదివారం కందిపచ్చడి వడ్డించి, ఎదురుగా కూర్చుని, నేను తినడం పూర్తయ్యేదాకా లేచేది కాదు. అది ప్రేమ అనుకున్నాను. అది ప్రేమే, కానీ అంతే కాదు. ఆ పరాయి దేశం పిల్ల వల్ల పిన్నికి ఏ బాధా మిగల్లేదు. నలుగురిలో నామోషీ పడేది ఎవరో ఆమెకు తెలిసింది ఆ పిల్లను చూసి కాదు.

ఇప్పుడు ఆ వీధి చివర మెట్రో స్తంభాలు ఉన్నాయి. హాస్టళ్ళ తలుపుల దగ్గర వేలిముద్ర యంత్రాలు ఉన్నాయి. మా ఇల్లు కూడా అలాంటి హాస్టళ్ళు నడిపే కంపెనీ ఏదో తీసుకుంటోంది. టెన్నిస్ నేను టీవీలో ఇంకా చూస్తాను. ఆట అయ్యాక గోడ మీదుగా ఫోన్లు చాపుతారు, ఆటగాళ్ళు వాటిలోకి నవ్వి ముందుకు వెళ్తారు. పేరు అడగడానికి కలం ఎవరి చేతిలోనూ ఉండదు. జంటల ఆట వస్తే కాసేపు ఎక్కువ చూస్తాను. తోటి మనిషి తప్పు చేసినప్పుడు రెండోవాళ్ళు ఎటు చూస్తారో చూస్తాను.

యూసుఫ్ భాయ్ వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం గచ్చిబౌలిలో నా ఇంటికి వెళ్ళి పాత పెట్టెలోంచి బంతి తీశాను. నూగు రాలిపోయి గట్టిపడింది. సంతకం గోధుమరంగుకు తిరిగింది. దాని పైన ఖాళీ అలాగే ఉంది. కలం తీసుకున్నాను గాని, సుభద్ర అని రాయలేకపోయాను. ఆ పిల్ల రాయమన్నది పిన్నికి ఇవ్వడానికి.

నెలాఖరున పై అంతస్తు పిల్లల్లో చివరి అమ్మాయి సంచులు దించుకుని గడపలోకి వచ్చింది. తాళం ఎవరికివ్వాలి అంకుల్ అని అడిగింది. చెయ్యి చాపి తీసుకున్నాను. కింద ఆటో ఆగి ఉంది. భరిణె లోపల బల్ల మీద ఉంది. జాగ్రత్తగా వెళ్ళమ్మా అన్నాను. ఆ గడపలో ఇప్పుడు వెళ్ళే పిల్లలకు ఎవరూ బొట్టు పెట్టడం లేదు.